పసుపు సంచిలో కొబ్బరి బోండాలు: మా ఆసుపత్రి వ్యర్థాల ప్రాజెక్టు డైరీ

మాది కోనసీమలోని ఒక చిన్న పట్టణం. 35 పడకల ఆసుపత్రి. రెండు అంతస్తులు, ఒక ఆపరేషన్ థియేటర్, కాన్పుల గది, చిన్న ల్యాబు. నేను ఇక్కడ నర్సింగ్ ఇన్‌ఛార్జిని. 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం 30 పడకలు, ఆపైన ఉన్న ఆసుపత్రిలో వ్యర్థాల నిర్వహణకు ఒక కమిటీ ఉండాలి. మాకూ ఉంది. ఆరు నెలలకొకసారి కూర్చుని, టీ తాగి, సంతకాలు పెట్టి లేచేవాళ్లం. ఆ మినిట్సు పుస్తకంలోకి ఎక్కని సంగతులే ఈ డైరీ. ఈ పని తలకెత్తుకునేవాళ్లు మా తప్పులు తప్పించుకుంటే చాలు.

రంగుల సంగతి తెలియనివారికి ఒక్క ముక్క. రక్తం అంటిన దూది, కట్లు, కాన్పులో వచ్చే మాయ, గడువు తీరిన మందులు పసుపు సంచిలోకి. సెలైన్ సెట్లు, మూత్రపు సంచులు, సూది లేని సిరంజిలు, చేతి తొడుగులు ఎరుపులోకి. సూదులు, బ్లేడ్లు తెల్లటి గట్టి డబ్బాలోకి. గాజు సీసాలు, ఆంప్యూల్స్ నీలంలోకి. మిగిలిన మామూలు చెత్త మున్సిపాలిటీ బండికి. ఈ నాలుగు రంగులవీ ఉమ్మడి శుద్ధి కేంద్రం (చాలా ఆసుపత్రుల వ్యర్థాలను ఒకేచోట శుద్ధి చేసే చోటు) బండి రోజు విడిచి రోజు వచ్చి తీసుకెళ్తుంది.

మొదటి దశ: తూకం (1, 2 వారాలు, నవంబర్)

మా రిజిస్టరులో రోజూ బరువులు ఉన్నాయి. పసుపు 6 కిలోలు, ఎరుపు 3 కిలోలు. మర్నాడు పసుపు 6, ఎరుపు 3. నెల పొడవునా అంతే. ఆ పేజీలు చూశాకే త్రాసు కొన్నాను.

1. 50 కిలోల వేలాడే డిజిటల్ త్రాసు: 1,150 రూపాయలు.
2. నిల్వ గది దూలానికి ఇనుప కొక్కెం: 80.
3. గీతలు గీసిన కాగితాల జిరాక్సులు: 120.

ఖర్చు ఇప్పటికి: 1,350.

మొదటి మూడు రోజుల తూకం చెత్తబుట్టలో వేశాను. కొక్కెం తక్కువ ఎత్తులో కొట్టించాను, పెద్ద సంచి అడుగు నేలకు ఆనుతోంది. 9 కిలోల సంచి 5 చూపించింది. కొక్కెం రెండు మీటర్ల ఎత్తుకు మార్పించి, నాలుగో రోజు నుంచి మళ్లీ మొదలుపెట్టాను. ప్రతి సంచిని ముడి వేశాకే, వార్డు పేరుతో సహా రాశాం.

ఏడు రోజుల లెక్క, సగటున 26 మంది ఇన్‌పేషెంట్లు:

పసుపు 121.4 కిలోలు. ఎరుపు 24.8. తెలుపు 1.9. నీలం 9.6. మొత్తం 157.7.
మామూలు చెత్త 98.0.

అంటే రోగి ఉన్న ఒక్కో మంచానికి రోజుకు 0.87 కిలోల ప్రమాదకర వ్యర్థం. సంపన్న దేశాల్లోనే ఇది అర కిలో వరకు ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, పేద దేశాల్లో 0.2. ఆసుపత్రి చెత్తలో దాదాపు 85 శాతం మామూలు చెత్తేనని కూడా ఆ సంస్థే చెబుతుంది. మా దగ్గర మామూలు చెత్త 38 శాతం.

ఇక్కడే నా పెద్ద తప్పు. పసుపు సంచిలో ఏముందో చూడాలని రెండు సంచులు ప్లాస్టిక్ పట్టా మీద గుమ్మరించి, పొడవాటి పటకారుతో విడదీయించాను. రెండో సంచిలో దూది ఉండ లోపలి నుంచి సూది మొన బయటికి వచ్చి ఉంది. ఎవరికీ గుచ్చుకోలేదు. గుచ్చుకోకపోవడం మా గొప్పేమీ కాదు. ముడి వేసిన సంచి ఎవరూ విప్పవద్దు. తెలుసుకోవాలంటే సంచిలో పడేటప్పుడే చూడాలి.

మర్నాటి నుంచి కాగితం, పెన్ను పట్టుకుని ఒక విద్యార్థి నర్సును పసుపు డబ్బా పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఉదయం 9 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 6, మూడు రోజులు. పన్నెండు గంటల్లో పసుపు డబ్బాలో పడినవి 340. వాటిలో:

సరైనవి 118.
కాగితాలు, సిరంజి కవర్లు 96.
అన్నం, పండ్ల తొక్కలు 58.
తొడుగులు, గొట్టాలు 43.
కొబ్బరి బోండాలు 21.
సూదులు 4.

మాది కోనసీమ. రోగిని చూడటానికి వచ్చేవాళ్లు ఖాళీ చేతులతో రారు. తాగేసిన బోండా ఒకటి తూచాను: 1,240 గ్రాములు. రోజుకు ఏడు చొప్పున చూసినా వారానికి 60 కిలోలు. మా పసుపు వ్యర్థంలో సగం కొబ్బరి బోండాలే! "కార్తీక మాసం కదమ్మా, ఉపవాసాలు. తర్వాత తగ్గుతాయి" అన్నారు మా మేనేజర్ గారు. మాసం వెళ్లింది, బోండాలు వెళ్లలేదు.

రెండో దశ: పోస్టర్లు, శిక్షణ (3, 4 వారాలు)

దీని గురించి ఎక్కువ రాయను. ఎనిమిది పోస్టర్లు, ఒక్కోటి 140 రూపాయలు. షిఫ్టుకు అరగంట చొప్పున అందరికీ తరగతులు. చివర్లో పరీక్ష పెడితే 31 మందిలో 28 మందికి పదికి తొమ్మిది పైనే వచ్చాయి.

ఖర్చు ఇప్పటికి: 2,470.
4వ వారం పసుపు: 112.9 కిలోలు. తగ్గింది 8.5.

పరీక్షలో పదికి పది తెచ్చుకున్న సిస్టరే ఆ సాయంత్రం తొడుగులు తీసి పసుపు డబ్బాలో వేయడం నా కళ్లతో చూశాను. అడిగితే సిగ్గుపడి, "ఎరుపు డబ్బా ఆ చివర ఉంది మేడం" అంది. నాకు కోపం రాలేదు. టేపు తెచ్చుకున్నాను.

మూడో దశ: టేపు, డబ్బాలు (5 నుంచి 8 వారాలు)

పై అంతస్తు జనరల్ వార్డు, 12వ మంచం దగ్గర నుంచి కొలిచాను.

పసుపు డబ్బాకు 3 మీటర్లు.
ఎరుపు డబ్బాకు 11 మీటర్లు.
తెల్ల డబ్బా, సూది కట్టరు ఉన్న నర్సుల బల్లకు 14 మీటర్లు.
మామూలు చెత్తబుట్టకు 17 మీటర్లు, అదీ మెట్ల కింద.

ఇంకేం చెప్పాలి? చేతికి దగ్గరగా ఉన్న దాంట్లో వేశారు. అన్నిటికన్నా తక్కువగా కావలసిన డబ్బాను అన్నిటికన్నా దగ్గర పెట్టింది మేమే.

మార్చినవి:

1. గదుల్లోంచి, వార్డులోంచి పసుపు డబ్బాలన్నీ తీసేశాం. కట్లు మార్చే ట్రాలీకే పసుపు, ఎరుపు సంచులు తగిలించాం. ట్రాలీ వస్తే సంచి వస్తుంది, ట్రాలీ వెళ్తే సంచి వెళ్తుంది.
2. కాలితో తొక్కితే తెరుచుకునే 12 లీటర్ల ఆకుపచ్చ డబ్బాలు 11, ప్రతి గది గుమ్మం దగ్గర, మామూలు చెత్తకు. ఒక్కోటి 480.
3. పెద్ద పసుపు డబ్బాలు మూడుచోట్లే: థియేటర్, కాన్పుల గది, వరండా చివర.

ట్రాలీకి సంచి తగిలించే రింగులు వెల్డింగ్ షాపులో చేయించాను, నాలుగు, ఒక్కోటి 350. అన్నీ దండగయ్యాయి. సంచి వెడల్పు 40 సెంటీమీటర్లు, అంటే మూతి చుట్టుకొలత 80. నేను చెప్పిన రింగు వ్యాసం 28, దాని చుట్టుకొలత 88. లాగి తొడిగితే సంచి మూతి చిరిగింది. సంచి కొలవకుండా రింగు చెప్పినందుకు వెల్డింగ్ అతను నన్ను చూసి నవ్వాడు, నవ్వనీ. వ్యాసం 23కి తగ్గించి మళ్లీ చేయించాను, ఒక్కోదానికి 150 అదనం. ఇప్పుడు అంచు మడతపెట్టడానికి చోటు మిగిలింది. సంచి పొడవు కూడా చూసుకోవాలి: చక్రానికి తగిలి ఒకటి చిరిగాక రింగును ట్రాలీ పై అరకు మార్పించాం.

ఖర్చు ఇప్పటికి: 9,750.
6వ వారం పసుపు: 71.3 కిలోలు.

బోండాలు మాత్రం ఆకుపచ్చ డబ్బాలో పట్టలేదు. 12 లీటర్ల డబ్బాలో ఒక బోండా పెడితే మూత పడదు. మంచాల కింద, కిటికీ గట్ల మీద దొర్లాయి. ఊడ్చే ఆయమ్మలు వాటిని వరండా చివరి పసుపు డబ్బాలో వేస్తున్నారు. దాని మూతి పెద్దది మరి. 7వ వారం మెట్ల కింద ఒకటి, గేటు దగ్గర ఒకటి పాత నూనె డ్రమ్ములు పెట్టించాం, 900 చొప్పున. పైన పెద్ద అక్షరాలతో "బోండాలు ఇక్కడ" అని రాయించాం. ఈ ప్రాజెక్టులో పనిచేసిన రాత అదొక్కటే.

ఖర్చు ఇప్పటికి: 11,550.
8వ వారం పసుపు: 49.0 కిలోలు.

మేనేజర్ గారి ప్రశ్న ఇక్కడ రాయాలి. శుద్ధి కేంద్రానికి మేము కట్టేది మంచానికి ఇంత అని, కిలోకు ఇంత అని కాదు. "బరువు తగ్గితే బిల్లు తగ్గదు కదమ్మా, మరి ఈ ఖర్చు ఎందుకు?" న్యాయమైన ప్రశ్నే. మిగిలింది సంచుల డబ్బు మాత్రమే: వారానికి 63 పసుపు సంచులు వాడేవాళ్లం, ఇప్పుడు 24. కానీ ఆ సంచి చేరేది శుద్ధి కేంద్రంలో వ్యర్థాలను కాల్చే కొలిమికి. అక్కడ మొదటి గదిలో 800 డిగ్రీలు, రెండో గదిలో 1,050 డిగ్రీల వేడి నిలబెట్టాలి. నీళ్లోడే బోండాలను అందులో కాల్చడమంటే తడి కట్టెలతో పొయ్యి ముట్టించడమే. ఆయన మాట్లాడలేదు, డ్రమ్ముల బిల్లు మీద సంతకం పెట్టారు.

ఎరుపులో ఒక పక్కదారి: సెలైన్ సీసాల లెక్క

6వ వారం ఎరుపు సంచులు అనుకున్నంత పెరగలేదు. అనుమానం వచ్చి, ఫార్మసీ ఇచ్చిన సెలైన్ సీసాలు ఎన్ని, పారేసినవి ఎన్ని అని లెక్క పెట్టించాను. సంచి విప్పకుండా, పారేసే ప్రతి సీసాకు గోడ మీద కాగితంపై ఒక గీత.

ఇచ్చినవి 214. గీతలు 131. తేడా 83.

ఖాళీ సెలైన్ సీసాలు పాత సామాన్లవాళ్లు కొంటారు. కొన్ని రోగుల బంధువులే కిరోసిన్‌కో నీళ్లకో పట్టుకెళ్తారు. ఎవరు అమ్మారో నేను వెతకలేదు, వెతికితే రేపటి నుంచి గీతలు కూడా అబద్ధమవుతాయి. సెలైన్ అయిపోగానే సిస్టరే కత్తెరతో సీసా మెడ, గొట్టం కోసి వేయాలని పెట్టాం. కోసిన సీసా ఎవరికీ పనికిరాదు. 8వ వారం తేడా 9.

నాలుగో దశ: సూదులు (7 నుంచి 9 వారాలు)

దీన్ని మొదటి దశగా పెట్టుకోవలసింది. బరువు ఎక్కువని పసుపు వెంట పడ్డాను. 1.9 కిలోల తెల్ల డబ్బా వైపు చూడలేదు.

7వ వారం, డిసెంబర్ మధ్యలో, తెల్లవారి 5:40కి ఎరుపు సంచి మోసుకెళ్తున్న ఆయమ్మ నా దగ్గరకు వచ్చింది. యాభై దాటిన మనిషి. "సిస్టరమ్మా, చీమ కుట్టినట్టుంది" అంటూ కుడి తొడ చూపించింది. సంచిని తొడకు ఆనించి మోస్తారు వీళ్లు, బరువు చేతికి తగ్గుతుందని. చీర మీద కందిగింజంత రక్తపు చుక్క. ఆమె అప్పటికే గట్టిగా పిండి, పైన పసుపు అద్దింది.

అప్పుడు చేసినవి, వరుసగా:

1. సబ్బు, ధారగా నీళ్లు. పిండకూడదు, స్పిరిట్ రుద్దకూడదు.
2. డ్యూటీ డాక్టరుకు చెప్పాం. సూది ఎవరిదో తెలియదు కాబట్టి హెచ్‌ఐవీ నివారణ మందు మొదలుపెట్టాలన్నారు. 72 గంటలు దాటితే ఇక ఆ మందు ఇవ్వరు, మొదటి రెండు గంటల్లో అయితే మేలు.
3. మందు మా ఫార్మసీలో లేదు. ఆటోలో ప్రభుత్వ ఆసుపత్రికి పంపాం. గుచ్చుకున్న 1 గంట 50 నిమిషాలకు మొదటి మోతాదు పడింది. మొత్తం 28 రోజులు.
4. రక్త పరీక్ష, ధనుర్వాతం ఇంజక్షన్, హెపటైటిస్ బి టీకా మొదటి మోతాదు.
5. ప్రమాద నివేదిక, నిబంధనల్లోని 1వ నమూనాలో.

నాలుగో అంశం దగ్గర నాకు తల కొట్టేసినట్టయింది. టీకా రికార్డు తీయమంటే దొరకలేదు. మా పారిశుద్ధ్య సిబ్బంది 19 మందిలో మూడు మోతాదులూ పూర్తయినవాళ్లు ఆరుగురు. టీకా లేని మనిషికి ఆ జబ్బున్న రోగి సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి వచ్చే అవకాశం 30 శాతం వరకు ఉంటుంది, హెచ్‌ఐవీకి 0.3 శాతం. అందరం భయపడేది రెండో దానికి. టీకా ఉన్నది మొదటి దానికి. ఆ వారమే మిగిలిన 12 మందికీ మొదటి మోతాదు వేయించాం. నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది, తేదీలు డ్యూటీ చార్టు మీదే రాశాం.

సూది ఎక్కడి నుంచి వచ్చింది? ఆ సంచి విప్పలేదు. సూది మొన మాత్రం ప్లాస్టిక్ పొరలోంచి బయటికే కనిపించింది: మామూలు సిరంజి సూది కాదు, కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నటి గొట్టం) గుచ్చాక బయటికి లాగేసే లోపలి సూది. నర్సుల బల్ల దగ్గరి కట్టరులో పెట్టి చూశాను. పట్టదు. పొడవు ఎక్కువ, వెనుక పిడి అడ్డం. కట్టరులో పట్టదు, తెల్ల డబ్బా 14 మీటర్ల దూరం, దాంతో రాత్రి రెండు గంటలకు సిస్టరు ఆ సూదిని కాన్యులా ప్యాకెట్టుతో సహా ఎరుపులో వేసింది. రాత్రి డ్యూటీ వాళ్లందరినీ అడిగాను. ముగ్గురు తామూ అలాగే చేస్తామని ఒప్పుకున్నారు.

మార్పు: వెడల్పు మూతి ఉన్న తెల్ల గట్టి డబ్బాలు 24, ఒక్కోటి 65 రూపాయలు. ప్రతి ఇంజక్షన్ ట్రాలీకి ఒకటి, కాన్యులా ట్రేలోనే ఒక చిన్నది. ముప్పావు వంతు నిండగానే మూత బిగించాలి, అక్కడ ఎర్ర గీత గీశాం. సూదికి మళ్లీ మూత పెట్టడం పూర్తిగా మానిపించాం. డబ్బా చేతి దగ్గర ఉన్నాక మూత పెట్టాల్సిన పనే పడలేదు. సంచులు మోయడానికి పాత మందుల ట్రాలీ ఒకటి ఆయమ్మలకు ఇచ్చేశాం.

ఖర్చు ఇప్పటికి: 13,110.
9వ వారం తెలుపు: 3.0 కిలోలు.

1.9 నుంచి 3.0. మిగతావన్నీ తగ్గాలని చూశాను, ఇది మాత్రం పెరిగింది. అంతకుముందు వారం వారం కిలోకు పైగా సూదులు ఎవరెవరి తొడలకు ఆని వెళ్లాయో నాకు తెలియదు.

ఐదో దశ: హైపోక్లోరైట్ (10వ వారం)

మా ల్యాబులో రక్త నమూనాలను 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో శుద్ధి చేశాకే సంచిలో వేస్తారు. క్యానులో ఉన్నది 5 శాతం అని లేబులు. ఒక వంతు అది, నాలుగు వంతులు నీళ్లు. లెక్క సరే. క్లోరిన్ కొలిచే పట్టీలు (650 రూపాయలు) తెప్పించి, కలిపిన ద్రావణాన్ని మళ్లీ పదింతలు పలుచన చేసి ముంచాను. పట్టీ 1,000 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఇన్ని వంతులు) చూపించాలి. 400 దగ్గర ఆగింది. అంటే 1 శాతం అనుకుంటున్నది 0.4.

క్యాను పడమటి కిటికీ కింద ఉంది. నాలుగు నెలలుగా సాయంత్రపు ఎండ. ఎండకూ వేడికీ క్లోరిన్ చచ్చిపోతుంది.

1. రెండు నల్లటి క్యానులు (420), బీరువా కింది అరలో.
2. మూత తీసిన తేదీ క్యాను మీద.
3. పలచన ద్రావణం ఏ రోజుకారోజు.
4. సోమవారం పట్టీ పరీక్ష. ఇప్పటికి మూడు సోమవారాలు, 900 నుంచి 1,000 మధ్య.

ఇంకో అలవాటు తెంపాం. వార్డుల్లో దూది, కట్లు కూడా బ్లీచింగ్ బకెట్లో నానబెట్టి పసుపు సంచిలో వేసేవారు. కొలిమికి వెళ్లేవాటిని రసాయనంలో ముంచకూడదని నిబంధనల్లోనే ఉంది, ల్యాబు వంటి వాటికే మినహాయింపు. క్లోరిన్ కాలితే విషవాయువులు పుడతాయి. పైగా తడి సంచి బరువు. ఒక హెచ్చరిక: బకెట్లు ఖాళీ చేసే రోజు ఒకరు మిగిలిన బ్లీచింగ్ నీళ్లలో మరుగుదొడ్డి యాసిడ్ పోశారు. ఘాటుకు ముగ్గురు దగ్గుతూ బయటికి పరుగెత్తారు. ఆ రెండు సీసాలూ ఇప్పుడు వేర్వేరు గదుల్లో ఉన్నాయి.

ఖర్చు ఇప్పటికి: 14,180.

ఆరో దశ: నిల్వ గది, సంక్రాంతి (11వ వారం)

గది మెట్ల వెనుక. కుక్కలు రాకుండా తలుపుకు ఇనుప జాలీ, తాళం: 3,200. తాళం వేసిన మూడో రోజే బండి వచ్చి ఖాళీగా వెళ్లిపోయింది, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీ కొట్టు దగ్గర. రెండో తాళంచెవి నర్సుల బల్ల సొరుగులో పెట్టాం. బార్‌కోడ్ స్టిక్కర్లు తడికి ఊడిపోతున్నాయి, కాబట్టి సంచి పొడిగా ఉన్నప్పుడే, నింపకముందే అంటిస్తున్నాం.

ఖర్చు మొత్తం: 17,380.

మాయలు, రక్తపు కట్లు 48 గంటలకు మించి ఉంచకూడదు. భోగి, సంక్రాంతి, కనుమ: మూడు రోజులు బండి రాదన్నారు. రెండు వారాల ముందే మాట్లాడితే భోగి ఉదయం 6కు, కనుమ సాయంత్రం 5కు వస్తామన్నారు. మధ్య 59 గంటలు. 11 గంటలు ఎక్కువ. పాత ఫ్రీజర్ ఒకటి బాగుచేయించి, దాని మీద "మాయలకు మాత్రమే" అని రాసి, తాళం వేశాం. ఆ మూడు రోజుల్లో ఏడు కాన్పులు. గడువు ఎందుకు దాటిందో కాలుష్య నియంత్రణ మండలికి ఉత్తరం పంపాం. కనుమ సాయంత్రం బండి 5:25కు వచ్చింది. వాచ్‌మన్ గేటు దగ్గరే ఉన్నాడు.

13వ వారం, జనవరి చివర

పసుపు 44.2. ఎరుపు 33.6. తెలుపు 3.1. నీలం 11.9. మొత్తం 92.8 కిలోలు.
మామూలు చెత్త 171.5.
మంచానికి రోజుకు 0.5 కిలో.

మామూలు చెత్త ఇప్పుడు 65 శాతం. 85కు ఇంకా దూరం. థియేటర్లో ఇంకా ఏమీ మారలేదు. అక్కడ సర్జన్లు తొడుగులు తీసి ఎటు చెయ్యి వెళ్తే అటు వేస్తారు, డబ్బాలు రెండుసార్లు జరిపాను, వాళ్లు నిలబడే చోటూ రెండుసార్లు జరిగింది. వచ్చే వారం అక్కడ టేపు పట్టాలి.

ఆయమ్మ ఆరు వారాల రక్త పరీక్ష మొన్న వచ్చింది. ఏమీ లేదు. మూడు నెలల పరీక్ష మార్చిలో. టీకా రెండో మోతాదు వేయించుకుంది. సంచులు ఇప్పుడు ట్రాలీ మీదే తోస్తోంది, ఒక చక్రం కిర్రుమంటోందని రోజూ నాకు చెబుతోంది.